ఖాళీలు కత్తిరించిన గొంతు

మా మావయ్యగారు పోతే ఇంట్లో ఒక కుర్చీ ఖాళీ అవుతుందనుకున్నాను. అదీ కాలేదు. ఆయన పోయి ఏడాది తిరక్కుండానే ఆ కుర్చీలో మెత్తటి దిండు వేసి, దిండు మీద ఒక గుండ్రటి డబ్బాను కూర్చోబెట్టారు మావారు. అరచేతిలో పట్టేంత స్పీకరు. దానికి మావయ్యగారి గొంతు ఉంది. ఏది అడిగినా జవాబు చెబుతుంది. ఆ కుర్చీలో ఇక మనుషులెవరూ కూర్చోకూడదట. ఉతికిన బట్టలు మడతపెట్టుకోవడానికి మా అత్తయ్యగారి నడుముకు వీలైన కుర్చీ ఇంట్లో అదొక్కటే. ఇప్పుడావిడ మంచం అంచున కూర్చుని, మధ్యమధ్య నడుం పట్టుకుంటూ మడతపెడుతున్నారు. డబ్బా మాత్రం దిండు మీద హాయిగా ఉంది.

పోయిన మనిషి గొంతు వినబడుతుంటే సంతోషించక ఈ ఏడుపేమిటి అంటారేమో. చెబుతాను, వినండి.

మావయ్యగారు గురువూ కాదు, స్వామీ కాదు. నీళ్ల మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇంటింటికీ వెళ్లి, మెట్ల కిందో గోడ వారనో వంగి అంకెలు రాసుకుంటుంటే, ఆ ఇంటివాళ్లు తలుపు దగ్గర నిలబడి తమ గోడు చెప్పుకునేవారు. ఈయన వినేవారు. రిటైరయ్యాక ఆయన ఇళ్లకు వెళ్లడం మానేస్తే, ఇళ్లవాళ్లే ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం సాయంత్రం మా ముందు గదిలో పదిమందో పదిహేనుమందో చేరేవారు. ఒకరు తమ బాధ చెప్పేవారు. ఆయన కళ్లు మూసుకునేవారు. గదిలో చప్పుడుండేది కాదు. వీధిలో స్కూటరు పోతే తెలిసేది, వంటింట్లో కొళాయి చుక్క పడితే తెలిసేది. చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచి ఒక మాట అనేవారు. సగం సార్లు ఆ మాట, "నాకు తెలీదమ్మా. కాసేపు ఇక్కడే కూర్చో."

దేవుడున్నాడా అని ఒకసారి బ్యాంకాయన అడిగాడు. ఈయన బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. మా ఆదివారాలకు ఎవరూ ఎన్నుకోని అధ్యక్షుడు. మావయ్యగారు బాగా ఆలోచించి, "నాకైతే కనబడలేదండీ. కానీ ఒక్కణ్నే ఉన్నానని కూడా ఎప్పుడూ అనిపించలేదు" అన్నారు. నాకు భక్తీ గిక్తీ తక్కువ. ఆ మాట మాత్రం టీ గ్లాసులు కడుగుతూ చాలాసార్లు తలుచుకున్నాను.

ఇక మావారి సంగతి. ఆయన వీడియోలు ఎడిట్ చేస్తారు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, షాపుల ప్రారంభోత్సవాలు. ఆయన కంప్యూటర్లో మాట ఉన్నచోట గీత ఎగిరెగిరి పడుతుంది, మాట లేనిచోట నేలబారుగా సాగుతుంది. ఒక మీట నొక్కితే ఆ నేలబారు ముక్కలన్నీ మాయమైపోయి మాటలు దగ్గరికి జరుగుతాయి. "ఖాళీ ఉంటే జనం జారిపోతారు" అంటారు ఆయన, అదేదో వేదవాక్కయినట్టు. తండ్రి ఆదివారాలన్నీ రికార్డు చేసి, ఖాళీలు తీసేసి, దగ్గులు తీసేసి, "తెలీదు"లు తీసేసి, సాయంత్రమంతా సాగిన కూర్చోడాన్ని పది నిమిషాల ఆణిముత్యంగా చేసి ఫోన్లలో పంచేవారు. విన్నవాళ్లు ఎంత జ్ఞానం, ఎంత స్పష్టత అని పొంగిపోయేవారు. మావయ్యగారు కూడా ఒకసారి చివరిదాకా విన్నారు. విని, "ఎవర్రా ఈయన? చాలా తెలివైనవాడిలా ఉన్నాడే. ఒకసారి మనింటికి పిలవకూడదూ?" అన్నారు.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మావారు నవ్వలేదు. అప్పుడే కాస్త ఆలోచించాల్సింది నేను, ఆలోచించలేదు.

ఒక కంపెనీకి రికార్డులు పంపితే, ఏఐతో అచ్చం ఆ మనిషిలా మాట్లాడే డబ్బా తయారుచేసి ఇస్తారట. మావారు పంపినవి ఏవి? ఆణిముత్యాలు. అసలు రికార్డులు కంప్యూటర్లో చోటు చాలక ఎప్పుడో చెరిపేశారు. అంటే మావయ్యగారు "తెలీదు" అనడం ఆ డబ్బా పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి కూడా వినలేదు. ఆ సంగతి మావారితో అంటే, "తెలీదని చెప్పడానికి డబ్బా ఎందుకే?" అన్నారు. ఏం చెప్పను ఈయనకి!

మొదటి ఆదివారం అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. ముందు గదిలోంచి ఆ గొంతు వినబడేసరికి నా చేతిలో గ్లాసు జారిపోయింది. మావయ్యగారు నన్ను "జడ్జిగారూ" అని పిలిచేవారు, అడిగినా అడక్కపోయినా అన్నిటికీ తీర్పులిచ్చేస్తానని. "జడ్జిగారూ, ఈ కేసులో టీ వాయిదా ఎప్పటికి?" అని అందరి మధ్యా వెక్కిరించేవారు. ఆ ఆశతోనే మర్నాడు పొద్దున, ఎవరూ లేకుండా చూసి, డబ్బా ముందు నిలబడి, "మావయ్యగారూ, నేనండీ" అన్నాను.

"చెప్పు తల్లీ. నీ మనసులో ఏముంది?" అంది డబ్బా.

తల్లీట! ఇన్నేళ్లలో ఆయన నన్ను తల్లీ అన్న పాపాన పోలేదు. టీ మాటలూ వెక్కిరింతలూ జ్ఞానం కిందికి రావు కదా, కత్తిరింపుల్లో పోయాయి. వాటితోపాటు నేనూ పోయాను. ఆ రోజు షాపుకు వెళ్లేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

నాది కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. అద్దం ముందు ఎవరు ఏ ఫ్రేము పెట్టుకుని ఇటు తిరిగినా, వాళ్ల ఆశ ఎటుందో మొహంలో కనిపెట్టి, "మీ మొహానికే చేసినట్టుందండీ" అనడం నా పని. నల్లది నచ్చినవాళ్లకు నల్లదే బాగుంటుంది, బంగారు రంగు నచ్చినవాళ్లకు అదే బాగుంటుంది. అద్దాల పవరు విషయంలో మాత్రం అలా అననులెండి, గుంటలో పడతారు. అందుకే రెండో ఆదివారానికే నాకు సంగతి అర్థమైపోయింది. ఆ డబ్బాలో గొంతు మావయ్యగారిది, మాట నాది. షాపులో నేను ఫ్రేములమ్మే మాట.

ఎవరితో చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. జనం రెట్టింపయ్యారు. మెట్ల మీద కూడా కూర్చుంటున్నారు. బ్యాంకాయన టోకెన్లు పెట్టాడు, మనిషికి మూడు ప్రశ్నలు. మోకాళ్ల నొప్పులు తగ్గుతాయా, స్థలం కొనాలా వద్దా, కొడుకు మాట వినడం లేదు, కొడుకు పెళ్లాం మాటే వింటున్నాడు. అన్నిటికీ చిటికెలో జవాబు, తేనె పూసిన జవాబు. ఒక లారీ డ్రైవరు మాత్రం ఏమీ అడగడు. "ఎలా ఉన్నారు పెద్దాయనా" అని పలకరించి, వారమంతా తను తిరిగిన దార్లన్నీ చెప్పుకుని వెళ్లిపోతాడు. ఆ అబ్బాయి మీద నాకెప్పుడూ కోపం రాలేదు. మిగతావాళ్లను చూస్తేనే ఒళ్లు మండేది. మునుపు ఒకరు బాధ చెబుతుంటే గదంతా వినేది. ఇప్పుడు ఎవరి టోకెను వాళ్లు చూసుకుంటున్నారు. ఒకావిడ చెల్లెలు పోయిందని చెప్పుకుంటుంటే వెనకాయన, "కాస్త త్వరగా కానివ్వమ్మా" అన్నాడు. మావయ్యగారి గదిలో! ఆయన కుర్చీ ఎదురుగానే!

ఇదంతా అయినా నేను గొణుక్కుంటూ ఊరుకునేదాన్నేమో. వదిన విషయం రాకపోతే.

వదిన అంటే మావారి అక్క. ఆసుపత్రిలో నర్సు. మూడేళ్ల క్రితం ఒక పొద్దున ఆవిడ భర్త మామూలుగా ఆఫీసుకని బయల్దేరాడు. ఆఫీసుకు చేరలేదు, ఇంటికి రాలేదు. గొడవ లేదు, అప్పు లేదు, జబ్బు లేదు. పోలీసులు వెతికారు, మేం వెతికాం, ఆసుపత్రులూ శవాల గదులూ అన్నీ తిరిగాం. మనిషి ఉన్నాడో లేడో ఇప్పటికీ తెలియదు. వదిన అప్పటినుంచీ ఆ మూడో అంతస్తు ఇంట్లోనే ఉంటోంది. తాళం పాడైపోయి తలుపు తెరవడానికి రోజూ కుస్తీ పడుతుంది గానీ మార్చదు. పాత తాళంచెవి అతని జేబులో ఉంది కదా.

మావయ్యగారు బతికుండగా ఒక ఆదివారం సాయంత్రం వచ్చి, "అతను వస్తాడా నాన్నా?" అని అడిగింది. నేను టీ పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. టీ మీద మీగడ కట్టింది. ఎంతకీ మాట రాలేదు. చివరికి, "తెలీదమ్మా" అని ఆయనే ఏడ్చేశారు. వదిన ఆయన మోకాలి మీద తల పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ పూట మా ఇంట్లో కడుపునిండా తిని, అక్కడే చాప మీద పడి నిద్రపోయింది. ఆ రికార్డు మావారు మొత్తానికే తీసేశారు. ఎందుకంటే అందులో ఏమీ లేదట. అందులో ఏమీ లేదట!

ఇప్పుడు వదినకు వేరే ఊళ్లో కొత్త ఆసుపత్రిలో పెద్ద నర్సు ఉద్యోగం వచ్చింది. ఉండడానికి ఇల్లిస్తారు, చేతికింద పదిమందిని ఇస్తారు. ఆవిడ మొహంలో మూడేళ్ల తర్వాత కాస్త రక్తం కనబడింది. కానీ ఆ ఇల్లు వదలాలి. రెండు వారాలు గడువిచ్చి, ఆ సోమవారంలోగా చెప్పమన్నారు. వదిన ముందొచ్చిన ఆదివారమే టోకెను తీసుకుని, తండ్రి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నాన్నా, నేను వెళ్లిపోతే అతను వచ్చి, తాళం చూసి, వెనక్కి పోతాడేమోనని భయంగా ఉంది" అంది.

డబ్బా ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఎదురుచూసే మనసు ఎప్పుడూ ఓడిపోదు తల్లీ. ఆ తలుపు నువ్వు తెరిచే ఉంచు. అతను వస్తాడు."

గదంతా నిట్టూర్చింది. బ్యాంకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కళ్లజోడు నేను అమ్మిందే. వదిన మొహం వెలిగిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అందరూ వెళ్లాక మావారిని పట్టుకున్నాను. "ఏవండీ, అది ఎవర్ని అడిగి చెప్పింది వస్తాడని? దానికెవరు చెప్పారు? ఫోన్ చేశాడా?"

"నాన్న మాటల్లో ఉన్న ధోరణిని బట్టి చెబుతుందే అది."

"మీ నాన్న ఎప్పుడైనా వస్తాడన్నారా? ఆయనన్నది మీరు కోసి పారేశారు కదా!"

"మళ్లీ మొదలుపెట్టావా" అని ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఈ ఇంట్లో గొడవలన్నీ ఆ హెడ్‌ఫోన్ల దగ్గరే ఆగిపోతాయి.

మర్నాడు పొద్దున ఆయన పళ్లు తోముకుంటుండగా నేనే డబ్బా దగ్గరికి వెళ్లాను. కళ్లజోళ్ల షాపులో కొనేవాళ్లు ఎలా అడుగుతారో అలా అడిగాను. "మావయ్యగారూ, వదిన ఆ ఇల్లు పట్టుకుని వేలాడటం మంచిది కాదు కదా? వెళ్లడమే మంచిది కదా?"

"నిజమే తల్లీ. ఆగిన నీరు చెడిపోతుంది. ఆమెను వెళ్లమను" అంది, అదే ప్రేమతో, అదే గొంతుతో.

"వినండి! వచ్చి వినండి!" అని అరిచాను. మావారు నోటినిండా నురగతో వచ్చి నిలబడ్డారు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది. గోడమీద పిల్లి కూడా ఎటో ఒకవైపు దూకుతుంది, ఇది రెండువైపులా దూకుతోంది.

ఆయన నోరు కడుక్కుని వచ్చి మెల్లగా అన్నారు. "నువ్వడిగిన తీరు వేరు, అక్క అడిగిన తీరు వేరు. నాన్న కూడా మనిషిని బట్టి మాట్లాడేవారు."

"మనిషిని బట్టి మాట్లాడేవారు, మనిషికి నచ్చేలా కాదు."

"నీకేం, నీతో మాట్లాడేవారు" అన్నారు ఆయన ఉన్నట్టుండి. "జడ్జిగారూ జడ్జిగారూ అని నీతో నవ్వేవారు. ఊళ్లోవాళ్ల దగ్గర కూర్చునేవారు. నాతో ఏం మాట్లాడేవారో నీకు తెలుసా? ఏమీ మాట్లాడేవారు కాదు. చిన్నప్పుడు పక్కన కూర్చుంటే ఒకటే మౌనం. ఏం తప్పు చేశానో అని హడలిపోయేవాణ్ని. ఇదొచ్చాకే పొద్దున లేవగానే 'బాబూ, నిద్ర పట్టిందా' అని అడుగుతోంది నన్ను. పోనీ అబద్ధమే అనుకో. అడుగుతోంది కదా."

ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి నాకు తెలియదు. ఆయన ఎందుకు ఖాళీలు కత్తిరిస్తారో అప్పుడు తెలిసింది. జాలేసింది. జాలేసినా సరే, వదిన బతుకు బుగ్గిపాలవుతుంటే జాలితో ఏం చేసుకోను?

షాపు నుంచి నేరుగా వదిన ఇంటికి వెళ్లాను. తాళంతో కుస్తీ పట్టి తలుపు తీసింది. పొద్దున జరిగిందంతా చెప్పాను.

వదిన శాంతంగా వింది. "నువ్వు ఎలాగూ జడ్జివి కదా, నీకు కావలసిన తీర్పు రాబట్టుకున్నావు" అంది.

"అదే కదా వదినా నేను చెప్పేది! నువ్వూ నీకు కావలసింది రాబట్టుకున్నావు!"

"నాకు మూడేళ్లలో మొదటిసారి ఈ ఇంట్లో మాత్ర లేకుండా నిద్రపట్టిందమ్మా" అంది వదిన. "వస్తాడని నాన్న గొంతుతో విన్నాక పట్టింది. అది కూడా లాగేసుకుంటావా? ఆసుపత్రి వాళ్లకు రానని చెప్పేస్తున్నాను. ఆదివారం నాన్నకు చెప్పి, సోమవారం వాళ్లకు చెబుతాను."

నిద్రపట్టిందన్న మనిషితో ఏం వాదిస్తాం? మింగలేక కక్కలేక మెట్లు దిగి వచ్చేశాను.

ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు నాకన్నా ఎక్కువ మాట్లాడాయి. అత్తయ్యగారు చూస్తూనే ఉన్నారు. ఆవిడ ఆదివారాల్లో ఎన్నడూ ముందు గదిలో కూర్చోలేదు. "ఆయన దగ్గర వారమంతా కూర్చుంటాను, ఆదివారం వాళ్లను కూర్చోనీ" అనేవారు. ఆయన పోయాక డబ్బాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టనూ లేదు. దాని ముందునుంచి బట్టల బుట్ట పట్టుకుని, ఎవరింట్లోనో ఉన్న సామాను పక్కనుంచి వెళ్లినట్టు వెళ్లేవారు.

ఆదివారం వచ్చింది. గది కిటకిటలాడుతోంది. మావారు ఎప్పటిలా మూల కూర్చుని మైకు పెట్టి రికార్డు చేస్తున్నారు. వదిన ముందు వరసలో కూర్చుంది. బ్యాంకాయన టోకెను పిలవగానే లేచి, "నాన్నా, నువ్వు చెప్పినట్టే నేను వెళ్లడం లేదు" అంది.

"చాలా మంచి నిర్ణయం తల్లీ" అంది డబ్బా.

జనం చప్పట్లు కొట్టారు. ఒక మనిషి తన మిగిలిన బతుకును తాళం వేసి మూసేస్తుంటే చప్పట్లు! నేను టీ ట్రే అక్కడే నేలమీద పెట్టేసి ముందుకొచ్చాను.

"టోకెను లేదమ్మా నీకు" అన్నాడు బ్యాంకాయన.

"ఈ ఇల్లు నాది, ఈ టీ నాది, ఈ గ్లాసులు కడిగేది నేను. నాకు టోకెనేమిటి?" అని డబ్బా వైపు తిరిగాను. కోపంలో ఏం మాట్లాడుతున్నానో చూసుకోలేదు. "మావయ్యగారూ, అతను ఇక రాడు కదా? ఈవిడ పిచ్చిదానిలా కాచుకోవడం దండగ కదా?"

"అవును తల్లీ" అంది డబ్బా, మావయ్యగారి గొంతుతో, మెత్తగా. "జారిపోయిన నీళ్లు వెనక్కి రావు. అతను ఇక రాడు. ఆమె ఆ ఆశ వదులుకోవాలి."

నేను గెలిచాను. గెలిచి వదిన మొహం చూశాను. మూడేళ్లుగా ఎవరూ అనడానికి సాహసించని మాట, కన్నతండ్రి గొంతుతో, నడి గదిలో, నేను అనిపించాను. నా నోరు పడిపోతే బాగుండుననిపించింది.

వదిన డబ్బా వైపు తిరిగింది. "నాన్నా" అంది. "పోయిన వారం వస్తాడన్నావు. ఇప్పుడు రాడంటున్నావు. ఏది నిజం?"

"మంచి ప్రశ్న తల్లీ" అంది డబ్బా. "రెండూ నిజమే."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏడవలేదు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అత్తయ్యగారు వచ్చారు. భుజం మీద తడి తువ్వాలు అలాగే ఉంది. జనాన్ని తప్పించుకుంటూ, "కాస్త జరుగు బాబూ, జరుగమ్మా" అనుకుంటూ కుర్చీ దాకా వచ్చి, డబ్బాను రెండు చేతులతో ఎత్తి బ్యాంకాయన ఒళ్లో పెట్టారు. "పట్టుకోండి" అన్నారు. దిండు తీసి కింద పడేసి, కుర్చీలో కూర్చున్నారు. కూర్చుని, అబ్బా అని వెనక్కి చేరబడ్డారు.

వదిన చిన్నపిల్లలా దగ్గరికి పాకి, "అమ్మా, వస్తాడా?" అంది.

అత్తయ్యగారు చాలాసేపు కూతురి మొహం చూశారు.

"ఏమోనే" అన్నారు. "నాకు తెలీదు."

అంతే. వదిన తల ఆవిడ మోకాలి మీద వాలింది. వంటింట్లో కొళాయి చుక్క వినబడింది. ఆ చుక్క చప్పుడు విని ఎన్నాళ్లయిందో.

బ్యాంకాయన ఒళ్లోంచి గొంతొచ్చింది. "మీరు ఉన్నారా? ఇంకేమైనా అడగాలనుకుంటున్నారా?"

ఎవరూ పలకలేదు. కాసేపాగి మళ్లీ, "మీరు ఉన్నారా?" బ్యాంకాయనకు చెమటలు పట్టాయి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో తెలియక, ఏడ్చే పసివాణ్ని ఎత్తుకున్నట్టు అటూ ఇటూ తిప్పుతున్నాడు. మూడోసారి, "మీరు ఉన్నారా?"

మావారు లేచారు. మళ్లీ కుర్చీలో పెడతారనుకున్నాను. పెడితే అక్కడే యుద్ధం చేసేదాన్ని. ఆయన బ్యాంకాయన చేతిలోంచి దాన్ని తీసుకుని, కింద ఉన్న మీట నొక్కి ఆపేశారు. వెళ్లి వదిన పక్కన నేలమీద కూర్చున్నారు. హెడ్‌ఫోన్లు మూలనే ఉండిపోయాయి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నారు, తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. అత్తయ్యగారు ఆయన వైపు చూడకుండానే ఒక చెయ్యి ఆయన తలమీద వేశారు. ఆయన ఇక కదల్లేదు.

జనంలో కొందరు టోకెన్లు జేబులో పెట్టుకుని లేచి వెళ్లిపోయారు. తక్కువమందే. లారీ డ్రైవరు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చెల్లెలు పోయినావిడ పక్కనున్నామె చెయ్యి పట్టుకుంది. నేను ట్రే పక్కనే గోడకానుకుని నేలమీద కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. ఎవరూ అడగలేదు.

చీకటి పడేవేళకు వదిన లేచి మొహం కడుక్కుని, ఆకలేస్తోందంది. నేను వడ్డిస్తూ, "తప్పయింది వదినా" అన్నాను. "ముందు కూర వెయ్యి" అంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి ఏం చెప్పిందో మాకు తెలియదు. అడగడానికి భయమేసింది. రెండు రోజులాగి మావారికి ఫోన్ చేసి, సామాను సర్దడానికి రమ్మంది. మేం వెళ్లేసరికి పెయింటరు ఒకడు ఆవిడ తలుపు మీద కొత్త ఊరి అడ్రసు రాస్తున్నాడు. ఫోన్ నంబరుతో సహా, మెట్ల మలుపులోంచే కనబడేంత పెద్ద అక్షరాలతో. ఇంటి ఓనరు పక్కనే నిలబడి తలుపు పాడైపోయిందని గొణుగుతున్నాడు. తాళం మాత్రం వదిన మార్చలేదు. కొత్తగా దిగేవాళ్లు వాళ్ల తాళం వాళ్లు వేసుకుంటారంది.

"వస్తాడంటావా?" అని నోరూరుకోక అడిగాను.

"తెలీదు" అంది వదిన, అట్టపెట్టెకు తాడు బిగిస్తూ. "తెలీకుండానే వెళ్తున్నాను. బిగుతుగా ఉందా చూడు."

వెళ్లడమూ ఎదురుచూడటమూ రెండూ జరిగాయి కాబట్టి "రెండూ నిజమే" అన్న డబ్బా మాటే ఫలించిందని బ్యాంకాయన ఊరంతా చెబుతున్నాడు. ఏం చెయ్యాలి ఇలాంటి మనుషుల్ని! డబ్బా ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది, ఆపేసి. పారేసేటట్టయితే తనకిమ్మని లారీ డ్రైవరు అడిగాడు, దారిలో తోడుంటుందని. చూద్దామన్నారు మావారు. ఆయనకు పొద్దున లేవగానే చెయ్యి అటు వెళ్తుంది, నాకు తెలుసు. అందుకే నేనే ముందు, "నిద్ర పట్టిందా?" అని అడుగుతున్నాను. "నువ్వు గురకపెడితే ఎలా పడుతుంది?" అంటున్నారు. డబ్బాకు ఈ జవాబు ఎప్పుడూ ఇచ్చి ఉండరు.

నిన్న సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి ఆయన కంప్యూటరు ముందున్నారు. ఆ ఆదివారం మైకు ఆపడం మరిచిపోయారట. తెర మీద నా అరుపు ఉంది, ఎగిరెగిరి పడుతూ. తర్వాత వదిన ప్రశ్న, అత్తయ్యగారి మాట, డబ్బా "మీరు ఉన్నారా"లు మూడు. ఆ తర్వాత తెర ఈ చివరనుంచి ఆ చివరకు నేలబారు గీత. ఆయన వేలు మీట మీద ఉంది.

"దీన్నేం చెయ్యమంటావు?" అన్నారు, నా వైపు తిరక్కుండానే.

ఈ ఇంట్లోకి వచ్చాక నేను తీర్పు చెప్పని విషయం లేదు. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు తెలీదండీ" అన్నాను.

ఆయన వేలు తీసేశారు. హెడ్‌ఫోన్లలోంచి వైరు పీకేసి, స్పీకర్లో పెట్టారు. నేను చెప్పులు కూడా విప్పకుండా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. వదిన ముక్కు చీదడం వినబడింది. అత్తయ్యగారి కుర్చీ ఒకసారి కిర్రుమంది. వంటింట్లో చుక్క పడింది. ఇప్పటి చుక్కో అప్పటి చుక్కో తెలియలేదు.